భుజం నొప్పికి మూలం వెనక రెక్క ఎముక మీద ఉందంటున్నారు. ట్రిగ్గర్ పాయింట్ల గురించి తెలిసినవాళ్లు చెప్పండి

సూదీదారం
ఇంట్లోనే జాకెట్లు కుడతాను. పెళ్లిళ్ల కాలంలో పొద్దున కూర్చుంటే రాత్రి దాకా మిషను మీదే. కుడి భుజం ముందువైపు లోతుగా నొప్పి. అక్కడి నుంచి జబ్బ మీదుగా మణికట్టు దాకా పాకుతుంది. చేయి వెనక్కి తిప్పి హుక్కు పెట్టుకోలేను, జడ వేసుకోవాలంటే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. కుడివైపు పడుకుంటే నొప్పి పుట్టడం సరే, ఎడమవైపు తిరిగినా నొప్పే. ఎక్స్‌రే బాగుందన్నారు. మెడకు ఎంఆర్ఐ తీస్తే డిస్కు కొంచెం ఉబ్బిందని, నరం నొక్కుకుపోతోందని మాత్రలు రాశారు. మాత్ర పనిచేసినంతసేపే ఉపశమనం, పైగా కడుపులో మంట.

ఈ మధ్య ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన భుజం జోలికే పోలేదు. వెనక రెక్క ఎముక మీద ఒకచోట బొటనవేలితో నొక్కారు. ప్రాణం పోయినంత పని అయింది. అదే నొప్పి, అదే దారిలో చేతిలోకి దిగింది. "ఇది ట్రిగ్గర్ పాయింట్, కండరంలో ముడి" అన్నారు. సన్న సూదులు గుచ్చే చికిత్స చేయించుకోమన్నారు. వెనక నొక్కితే ముందు నొప్పి ఎలా పుడుతుంది? ఇది నిజంగా జబ్బేనా? సూదులు వేయించుకోవచ్చా?

కోడికూత
నాకు మెడ దగ్గర నొక్కితే కణత లాగుతుంది. ఇన్నాళ్లూ మైగ్రేన్ అనుకుంటున్నాను. సమాధానాల కోసం నేనూ ఎదురుచూస్తున్నాను.

ఫిజియో_విజయనగరం
ఆ డాక్టరు నొక్కిన కండరం పేరు ఇన్‌ఫ్రాస్పైనేటస్. రెక్క ఎముకను వెనక నుంచి కప్పి ఉంటుంది. చేతిని బయటివైపు తిప్పడం, భుజం కీలును కుదురుగా నిలిపి ఉంచడం దాని పని. అందులో నొప్పి పుడితే అది కనిపించేది వెనక కాదు, భుజం ముందు, జబ్బ మీద, కొందరికి బొటనవేలి వైపు చేతి దాకా. మీరు రాసిన లక్షణాలన్నీ దానికి సరిపోతున్నాయి. ఎడమవైపు పడుకున్నా ఎందుకు నొప్పి అంటే, కుడి చేయి ఛాతీ మీదుగా ముందుకు వాలిపోయి ఆ కండరం రాత్రంతా సాగి ఉంటుంది. ఈ రాత్రి నుంచే ఛాతీ ముందు ఒక దిండు పెట్టుకుని కుడి చేతిని దాని మీద ఆనించి పడుకోండి. ఇందుకు ఖర్చేమీ లేదు.

వెనక నొక్కితే ముందు ఎలా అన్నారు. 1938లో లండన్‌లో కెల్‌గ్రెన్ అనే వైద్యుడు తన కండరాల్లోకి, ఒప్పుకున్న ఇతరుల కండరాల్లోకి గాఢమైన ఉప్పునీరు ఎక్కించి, నొప్పి ఎక్కడ తెలుస్తోందో బొమ్మలు గీశాడు. సూది గుచ్చిన చోటికి దూరంగా నొప్పి తెలిసింది. ఒక్కో కండరానికి ఒక్కో దారి. రెక్క కండరం నుంచీ భుజం ముందు భాగం నుంచీ వచ్చే కబుర్లు వెన్నుపాములో దాదాపు ఒకే అంతస్తుకు చేరతాయి. రెండు ఊళ్ల ఉత్తరాలు ఒకే పోస్టాఫీసులో కలిసిపోతే ఏది ఎక్కడిదో తెలియనట్టు, మెదడు చిరునామా పొరబడుతుంది. గుండెనొప్పి ఎడమ చేతిలో తెలిసేదీ ఈ పద్ధతిలోనే.

అయితే ఒక పరీక్ష చేయందే నిర్ణయానికి రావద్దు. మోచేయి ఒంటికి ఆనించి మడిచి ఉంచండి. ఇంట్లోవాళ్లను మీ ముంజేతిని మెల్లగా బయటికి తిప్పమనండి. ఎదుటివాళ్లు తిప్పినా కదలకుండా బిగుసుకుపోతే అది ఫ్రోజెన్ షోల్డర్ కావచ్చు. షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువ. దాని చికిత్స వేరు.

సూదీదారం
మా వారు తిప్పి చూశారు. కొంచెం నొప్పి ఉంది కానీ ఎడమ చేయి ఎంత తిరుగుతుందో ఇదీ అంతే తిరిగింది. షుగర్ లేదు, పోయిన నెలే పరీక్ష అయింది. మరి ఎంఆర్ఐలో డిస్కు ఉబ్బు సంగతి?

తెల్లకోటు
ఎముకల విభాగంలో పనిచేస్తాను. డిస్కు ఉబ్బు చూసి భయపడకండి. ఏ నొప్పీ లేనివాళ్ల నడుముకు స్కాన్ తీసిన అధ్యయనాలన్నీ కలిపి 2015లో లెక్క కట్టారు. ఇరవై ఏళ్ల వయసువాళ్లలోనే దాదాపు 30 శాతం మందికి డిస్కు ఉబ్బు కనిపించింది. ఎనభై ఏళ్లు వచ్చేసరికి అది 84 శాతం. అది నడుము లెక్కే అయినా మెడ విషయంలోనూ పాఠం ఇదే. స్కాన్‌లో కనిపించిందల్లా నొప్పికి కారణం కాదు. చేతిలో తిమ్మిరి ఉందా? పట్టు తగ్గిందా? కత్తెర జారిపోతోందా? మెడ ఒకవైపు వంచి పైకి చూస్తే చేతిలోకి షాక్ కొట్టినట్టు దిగుతోందా? ఇవేవీ లేకపోతే నరం మీద అనుమానం బాగా తగ్గుతుంది. ఉంటే మాత్రం ఈ ముడుల మాట పక్కనపెట్టి మళ్లీ డాక్టరుకు చూపించండి.

సూదీదారం
తిమ్మిరి లేదు. కత్తెర గట్టిగానే పట్టుకుంటున్నాను.

ఆధారం_ఏది
అందరూ ముడి ఉందని ముందే ఒప్పేసుకుని మాట్లాడుతున్నారు. కాస్త ఆగండి. ఒకే రోగిని ఇద్దరు నిపుణులు విడివిడిగా తడిమి చూస్తే ముడి ఎక్కడుందో ఏకాభిప్రాయానికి రాలేకపోవడం చాలా అధ్యయనాల్లో తేలింది. మామూలు స్కాన్‌లో అది కనిపించదు, రక్తపరీక్షలో దొరకదు. క్విన్ట్‌నర్, బోవ్, కోహెన్ అనే ముగ్గురు 2015లో ఈ సిద్ధాంతాన్నే గట్టిగా ప్రశ్నించారు. నొప్పి నిజమే కానీ దానికి కండరంలోని ముడే మూలమని రుజువు కాలేదని వాళ్ల వాదన. నరాల వ్యవస్థే అతిగా స్పందిస్తూ ఉండవచ్చు. రుజువు కానిదాన్ని ఆధారం చేసుకుని మనుషులకు సూదులు గుచ్చడం నాకు సమ్మతం కాదు.

ఫిజియో_విజయనగరం
ఆధారం_ఏది గారు, విమర్శలో బలం ఉంది, కాదనను. కానీ రెండో వైపు కూడా చెప్పాలి. 2005లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో జే షా బృందం చాలా సన్నని సూదితో మెడ కండరంలోని ద్రవం తీసి పరీక్షించింది. నొప్పెట్టే ముడి ఉన్నవాళ్లలో అక్కడ ఆమ్లత ఎక్కువ, నొప్పి పుట్టించే బ్రాడికైనిన్, సబ్‌స్టెన్స్ పి వంటి రసాయనాలు ఎక్కువ. ముడి లేనివాళ్లలో అలా లేదు. నరం కండరాన్ని కలిసేచోట, కండరాన్ని బిగించమని చెప్పే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం అతిగా విడుదలై, కొన్ని పోగులు బిగుసుకుని వదలకపోవడం, ఆ బిగువులో రక్తం సరిగా అందకపోవడం, అందక మరింత బిగుసుకోవడం అనేది ఇప్పుడు ఎక్కువమంది చెప్పే వివరణ.

ఆధారం_ఏది
ఆ ప్రయోగం చాలా కొద్దిమంది మీద చేశారు. పైగా ఆ రసాయనాలు కారణమో ఫలితమో అది తేల్చలేదు. రెక్క మీద చేయి వేసి నొక్కడానికి నాకు అభ్యంతరం లేదు. హాని లేనిదాన్ని ప్రయత్నించండి. "ముడి విప్పేస్తాం" అని నెలల తరబడి రమ్మనేవాళ్ల దగ్గర జాగ్రత్తగా ఉండండి.

తెల్లకోటు
చివరి వాక్యానికి నా ఓటు కూడా.

బీడీచేట_బిడ్డ
మాది నిజామాబాద్ వైపు. మా అమ్మ చిన్నప్పటి నుంచి బీడీలు చుడుతోంది. ఒళ్లో చేట, తల వంచి రోజంతా అదే కూర్చోవడం. మెడ పక్కన, భుజం పైన రాళ్లలా గట్టిపడి ఉంటాయి. తలనొప్పి వస్తే చెవి వెనక నుంచి కణత దాకా వంపుగా తిరుగుతుంది. కోడికూత గారు రాసినట్టే. తలకు మందులు, కళ్లకు అద్దాలు అన్నీ అయ్యాయి. జిల్లా ఆసుపత్రిలో ఒక ఫిజియో అమ్మాయి భుజం పైన కండరాన్ని రెండు వేళ్ల మధ్య పట్టి మెల్లగా ఒత్తితే అమ్మ "ఇదే, ఇదే నా తలనొప్పి" అని అరిచింది. ఇన్నేళ్లలో ఆమె నొప్పిని వేలితో పట్టి చూపించినవాళ్లు మరొకరు లేరు. నాకు సిద్ధాంతాల సంగతి తెలియదు. మా వాడకట్టులో ప్రతి ఇంట్లో ఈ నొప్పితో ఒక ఆడమనిషి ఉంటుంది, "వయసు మీద పడింది" అని సర్దుకుపోతుంది. అది నాకు కోపం తెప్పిస్తుంది.

కోడికూత
ఇప్పుడు అమ్మగారికి ఎలా ఉంది? ఏమి చేశారు?

బీడీచేట_బిడ్డ
వేడినీళ్లలో ముంచి పిండిన తువ్వాలు భుజాల మీద కాసేపు, తరువాత నేనే రెండు వేళ్లతో పట్టి ఒత్తుతాను. నొప్పి కాస్త కరిగే దాకా ఉంచి వదులుతాను. చేటను ఒళ్లో కాకుండా చిన్న పీట మీద పెట్టాం, వీపుకు గోడ ఆనింది. కట్ట పూర్తయినప్పుడల్లా లేచి నాలుగు అడుగులు వేయమంటాను. వింటే విన్నట్టు, లేకపోతే లేదు. తలనొప్పి పూర్తిగా పోలేదు కానీ మాత్రలు బాగా తగ్గాయి.

ఎన్‌హెచ్16
లారీ నడుపుతాను. నాది భుజం కాదు, తుంటి. కుడి పిరుదు నుంచి తొడ పక్కగా చీలమండ దాకా లాగేది. చూసినవాళ్లందరూ సయాటికా, అంటే నడుము దగ్గర నరం నొక్కుకుని కాల్లోకి దిగే నొప్పి అన్నారు, ఒక డాక్టరైతే ఆపరేషన్ చేయాలన్నాడు. చివరికి ఒక ముసలి డాక్టరు నా వెనక జేబులో పర్సు తీయించి బల్ల మీద పెట్టారు. ఇంత మందం. బిల్లులు, పాత టోల్ రసీదులు, దేవుడి పటాలు. దాని మీద కూర్చుని విశాఖపట్నం నుంచి చెన్నై దాకా నడుపుతున్నాను. పర్సు ముందు జేబుకు మార్చాను, పిరుదు పక్కన బంతి పెట్టి ఒత్తుకున్నాను. లాగడం చాలావరకు తగ్గింది.

గోంగూరపచ్చడి
దేవుడి పటాలను కూడా వెనక జేబులో పెట్టుకుంటే ఎలా అన్నా! డ్యాష్‌బోర్డు మీద పెట్టండి, దారీ చూస్తారు, నడుమూ కాపాడతారు.

ఎన్‌హెచ్16
పెట్టాను తమ్ముడూ, ఇప్పుడు అక్కడే ఉన్నారు.

తెల్లకోటు
ఎన్‌హెచ్16 గారి అనుభవం నిజమే. గ్లూటియస్ మినిమస్ అనే తుంటి కండరం నొప్పి కాలి పక్కగా దిగి సయాటికా అనిపిస్తుంది. కానీ చదివేవాళ్లు ఇది మనసులో పెట్టుకోండి. పాదం పైకి ఎత్తలేకపోవడం, మూత్రం మలం మీద అదుపు తప్పడం, తొడల మధ్య మొద్దుబారడం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, విశ్రాంతి తీసుకున్నా రాత్రిళ్లు తగ్గని నొప్పి. వీటిలో ఏది ఉన్నా బంతులూ కాపడాలూ కాదు, ఆసుపత్రి. అదుపు తప్పినప్పుడైతే అదే రోజు.

పాలకొల్లు_బాబాయి
ఛాతీ కండరంలో కూడా ఇలాంటిది వస్తుందట కదా, గుండెనొప్పిలాగే ఉంటుందట? నాకు ఎడమవైపు అప్పుడప్పుడు లాగుతోంది. ఒత్తుకుంటే సరిపోతుందా?

తెల్లకోటు
సరిపోదు బాబాయి గారు. వస్తుందన్న మాట నిజం. కానీ అది కండరమా గుండెనా అని ఇంట్లో తేల్చకూడదు. నొక్కితే నొప్పెట్టినంత మాత్రాన గుండె కాదని అనుకోవడానికి వీల్లేదు. ముందు ఈసీజీ తీయించండి. చెమటలు, ఆయాసం, దవడలోకో చేతిలోకో పాకే నొప్పి ఉంటే 108కి ఫోను చేయండి. మీరు రేపు వెళ్లి వచ్చి ఇక్కడ రాయాలి, ఎదురుచూస్తాను.

పాలకొల్లు_బాబాయి
మా అబ్బాయికి చెప్పాను. పొద్దున్నే వెళ్తున్నాం.

ఫిజియో_విజయనగరం
సూదీదారం గారికి ఇంట్లో చేసుకునే పద్ధతి. పాత మేజోడులో టెన్నిస్ బంతి వేసి, కొస భుజం మీదుగా ముందుకు పట్టుకోండి. గోడకు వీపు ఆనించి, బంతి రెక్క ఎముక మధ్యలో ఉండేట్టు నిలబడండి. వెన్నెముక మీద పెట్టవద్దు. మెల్లగా అటూ ఇటూ కదిలి, ఏ చోట ఒత్తితే మీ పాత నొప్పి చేతిలోకి దిగుతుందో అక్కడ ఆగండి. పదికి ఐదు, ఆరు మించని నొప్పి ఉండాలి, ఊపిరి బిగబట్టాల్సి వస్తే ఎక్కువ ఒత్తుతున్నట్టు లెక్క. అర నిమిషం నుంచి ఒక నిమిషం. తగ్గుతున్నట్టు అనిపించగానే వదిలేయండి. ముందు వేడి కాపడం, తరువాత చేతిని ఛాతీ మీదుగా మెల్లగా రెండోవైపు లాగి పట్టడం. గట్టిగా రుద్దితే త్వరగా తగ్గుతుందని కమిలిపోయేట్టు రుద్దేవాళ్లున్నారు, దయచేసి అలా చేయవద్దు.

ఇంకో ప్రశ్న. మిషను ముందు కూర్చున్నప్పుడు మీ కుడిచేతికి వెనకవైపు ఏముంటుంది?

సూదీదారం
ఇస్త్రీపెట్టె! కుట్టు కుట్టినప్పుడల్లా లేవకుండా చేయి వెనక్కి చాచి తీస్తాను. దారపు ఉండల డబ్బా కూడా అక్కడే, కాస్త ఎత్తు మీద.

ఫిజియో_విజయనగరం
అదే అడగాలనుకున్నాను. చేయి వెనక్కి, పైకి చాచడం ఈ కండరానికి పడదు. రోజుకు అన్నిసార్లు బరువైన ఇస్త్రీపెట్టె ఎత్తడం ఇంకా పడదు. రెండూ ముందుకు మార్చండి. ఇస్త్రీకి లేచి నిలబడండి, ఆ లేవడమే మీ నడుముకూ మంచిది. అది మార్చకుండా సూదులు వేయించుకుంటే పెళ్లిళ్ల కాలానికి నొప్పి మళ్లీ తయారవుతుంది.

చీరాల_మగ్గం
గుంట మగ్గం మీద నేసేవాళ్లకూ ఇలాగే. పలక లాగే చేతి భుజమే ముందు పోతుంది. మావాళ్లు ఆవనూనె, ఉప్పు మూట కాపడంతో నెట్టుకొస్తారు. ఉప్పు మూట వేడి ఎక్కువసేపు నిలుస్తుంది, బాగుంటుంది. షుగర్ వల్ల స్పర్శ తగ్గినవాళ్లకు మాత్రం పెట్టేముందు వేడి ఎంతుందో వేరేవాళ్లు చూడాలి, మా బావకు చర్మం కాలి బొబ్బలు లేచాయి.

గోంగూరపచ్చడి
అమృతాంజనం పేరు ఎవరూ ఎత్తలేదేమి? మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టినది. మా నాయనమ్మకు సర్వరోగ నివారిణి.

తెల్లకోటు
నొప్పి బాములు చర్మం మీద చల్లదనమో వేడో పుట్టించి నొప్పి మీద నుంచి ధ్యాస మళ్లిస్తాయి. కండరం లోపలి బిగువును విప్పవు, కాకపోతే ఆ కాస్త ఊరటలో చేయి కదపగలిగితే అదే లాభం. ఒక జాగ్రత్త. చాలా బాముల్లో మిథైల్ సాలిసిలేట్ ఉంటుంది. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వేసుకునేవాళ్లు వాటిని ఒళ్లంతా పులుముకోకూడదు, రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది.

కొలెస్ట్రాల్_మాత్ర
కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రల వల్ల కూడా కండరాల నొప్పి వస్తుందని మా డాక్టరు చెప్పారు. దీనికీ దానికీ తేడా ఎలా?

తెల్లకోటు
స్టాటిన్ నొప్పి సాధారణంగా రెండువైపులా, తొడలు, పిక్కలు, భుజాల్లో సమంగా ఉంటుంది, ఒకే చోట ముడిలా కాదు. మూత్రం ముదురు రంగులో వస్తే వెంటనే చూపించాలి. సొంతంగా మాత్ర మానేయవద్దు, డాక్టరును అడిగి మార్చుకోవచ్చు. ఒళ్లంతా ఎక్కడ నొక్కినా నొప్పి అనేవాళ్లు థైరాయిడ్, విటమిన్ డి కూడా ఒకసారి చూపించుకోవాలి.

కెన్నడీ_అభిమాని
ట్రిగ్గర్ పాయింట్ అనే ఆలోచనను ప్రపంచానికి అలవాటు చేసిన వైద్యురాలు జానెట్ ట్రావెల్. అమెరికా అధ్యక్షుడు కెన్నడీ నడుము నొప్పికి 1955 నుంచి వైద్యం చేసింది. ఆయన 1961లో అధ్యక్షుడయ్యాక వైట్‌హౌస్ వైద్యురాలైంది, ఆ పదవిలో మొదటి మహిళ. కండరాల్లోకి నొప్పి తెలియకుండా చేసే మత్తుమందు సూదులు ఇచ్చింది, ఒక కాలు పొట్టిగా ఉందని చెప్పుకు మడమ ఎత్తు పెట్టించింది, ఊగే కుర్చీలో కూర్చోమంది. కుర్చీ, చెప్పు, పడుకునే తీరు అన్నీ చూసేది. ఫిజియో గారు ఇస్త్రీపెట్టె అడిగినప్పుడు ఆవిడే గుర్తొచ్చింది.

సూదీదారం
ఇస్త్రీపెట్టె ముందుకు వచ్చింది, దిండు పెట్టుకుని పడుకుంటున్నాను. నిద్ర పడుతోంది, అదే నాకు పెద్ద సంగతి. సూదుల గురించి ఇంకా తేల్చుకోలేదు.

ఫిజియో_విజయనగరం
తగ్గుతున్నప్పుడు తొందర లేదు. నాలుగైదు వారాలు ఇలాగే చూసి, ఆగిపోతే అప్పుడు ఆలోచించండి. సూది వల్ల కొన్ని వారాల పాటు నొప్పి తగ్గుతుందనడానికి కొంత ఆధారం ఉంది, దీర్ఘకాలంలో వ్యాయామం కంటే మేలని చెప్పలేం. ఆక్యుపంక్చర్‌లో వాడే సూదిలాంటిదే, మందు ఉండదు. సూది తగిలినప్పుడు కండరం ఒక్కసారి ఎగిరిపడుతుంది, ఒకటి రెండు రోజులు సలుపుతుంది. శిక్షణ ఉందో లేదో అడిగి తెలుసుకోండి. భుజం పైన, పక్కటెముకల దగ్గర లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి తగిలి గాలి చేరిన ఉదంతాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. అరుదే, కానీ ఉన్నాయి. సూది తరువాత ఆయాసం వస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. నొప్పి తగ్గాక భుజానికి బలం వచ్చే వ్యాయామం మాత్రం ఎవరూ మానకూడదు.

ఆధారం_ఏది
ఈ సమాధానంతో నాకు పేచీ లేదు.

పాలకొల్లు_బాబాయి
ఈసీజీలో తేడా ఉందని ఆసుపత్రిలో ఉంచారు. రేపు యాంజియోగ్రామ్. తెల్లకోటు గారికి మా ఇంటిల్లిపాదీ నమస్కారాలు చెప్పమంటున్నారు.

తెల్లకోటు
సమయానికి వెళ్లారు. ఫోను పక్కన పెట్టి విశ్రాంతి తీసుకోండి. మీ అబ్బాయిని రాయమనండి.

కూరగాయల_బండి
ఆలస్యంగా చూశాను. మా అత్తకు మడమ నొప్పి. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయలేదు, నడవగా నడవగా తగ్గుతుంది. రోజంతా బండి దగ్గర నిలబడే ఉంటుంది. ఇదీ ముడేనా?

ఫిజియో_విజయనగరం
మొదటి అడుగుకే నొప్పి అంటే ముందు అనుమానించాల్సింది అరికాలి పొర వాపును. కానీ పిక్క లోపలి సోలియస్ కండరం నొప్పి కూడా మడమలోనే తెలుస్తుంది, రెండూ కలిసి ఉండటం మామూలే. గోడకు చేతులు ఆనించి, నొప్పి ఉన్న కాలు వెనక పెట్టి, మోకాలు కొంచెం వంచి, మడమ నేలకు అదిమి అర నిమిషం ఉంచమనండి. మోకాలు వంచితేనే సోలియస్ సాగుతుంది. మంచం దిగకముందే పాదం వేళ్లను చేత్తో పట్టి పైకి లాగి కాసేపు ఉంచాలి. పలచటి రబ్బరు చెప్పులు మానేసి మెత్తటి మడమ ఉన్నవి వేయించండి, బండి దగ్గర ఒక స్టూలు పెట్టించండి. పిక్క ఒక్కటే వాచి, వేడిగా, ఎర్రగా ఉంటే మాత్రం ఒత్తవద్దు, రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, అదే రోజు డాక్టరుకు చూపించాలి. వాపు ఉందా?

కూరగాయల_బండి
వాపు లేదు. రెండు పిక్కలూ ఒకేలా ఉన్నాయి. స్టూలు ఇవాళే తెస్తాను.